అనంతపురం నుంచే పుస్తకాల పని

ఉమ్మడి అనంతపురం జిల్లాలో కథలో, కవిత్వమో రాసే మనిషి పుస్తకం వేసుకోవాలంటే ఇప్పటికీ చాలావరకు తన డబ్బే పెట్టుకోవాలి. రిటైరైన అయ్యవారు పింఛనులోంచి, సేద్యం చేసే కవి శెనక్కాయలు అమ్మిన డబ్బులోంచి తీసి అయిదు వందల కాపీలు వేస్తారు. టైపింగ్ ఒక ఊళ్లో, అట్టబొమ్మ ఇంకో ఊళ్లో, అచ్చు విజయవాడలోనో హైదరాబాదులోనో జరుగుతాయి. ప్రూఫులు చూసేవాళ్లు దొరక్క రచయితే చూసుకుంటారు. తను రాసింది తనే చదివేటప్పుడు కన్ను తప్పును దాటుకుని పోతుంది. పుస్తకం చేతికొచ్చాక ముందుమాటలోనే అచ్చుతప్పు కనిపిస్తే, అప్పటికే డబ్బంతా ఖర్చయిపోయి ఉంటుంది.

ఆ రచయితకు దొరకని మనిషి మీరు కావచ్చు. తెలుగు డిగ్రీ చదివి డీఎస్సీ కోసం ఎదురుచూస్తున్నవాళ్లు, టైపింగ్ వచ్చినా పని లేనివాళ్లు, బొమ్మలు వేసే చేయి ఉన్నవాళ్లు, ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ మాట్లాడుతూ పెరిగినవాళ్లు ఈ జిల్లాలో వందల్లో ఉన్నారు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఈ గడ్డ మీద చదువైపోగానే బెంగళూరు బస్సెక్కడం అలవాటైపోయింది. పుస్తకాల పనికి మాత్రం కావలసింది ఒక కంప్యూటరు, ఇంటర్నెట్, మంచి తెలుగు, బోలెడంత ఓపిక. ఇది కదిరిలో ఉన్నా, రాయదుర్గంలో ఉన్నా చేసుకోగలిగిన పని. నెల తిరగ్గానే జీతంలా డబ్బు పడుతుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు. మొదటి ఏడాది దీన్ని మరో పనితో పాటు చేసుకోవడమే మంచిది.

పుస్తకం పుట్టించడం ఈ నేలకు కొత్త కాదు. పప్పూరు రామాచార్యులు 1926 నుంచి అనంతపురంలో ‘శ్రీ సాధన’ పత్రిక నడిపారు. విద్వాన్ విశ్వం ఇక్కడే నవ్య సాహిత్య మాల పేరుతో పుస్తకాలు వేశారు. మన కాలానికి వస్తే బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ అమెరికా తెలుగు సంఘం తానా నవలల పోటీలో బహుమతి పొంది, తానా ప్రచురణగా వెలువడి, 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకుంది. రాసేవాళ్లకు ఈ జిల్లాలో ఏనాడూ కరువు లేదు. రాసిన తర్వాత జరగాల్సిన పని చేసిపెట్టే చేతులే తక్కువ.

మొదట పాఠం శుభ్రం కావాలి

రచయితలు మీకిచ్చే రాతప్రతి మూడు రకాలుగా ఉంటుంది. మొదటిది చేతిరాత, రెండోది ఫోన్లో టైపు చేసి వాట్సాప్‌లో పంపిన ముక్కలు, మూడోది పాత డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో చేయించిన ఫైలు. ఈ మూడో రకం గురించి బాగా తెలుసుకోండి. అను ఫాంట్లో కూర్చిన అక్షరాలు ఆ ఫాంటున్న కంప్యూటర్లోనే తెలుగులా కనిపిస్తాయి. వెబ్‌లోనూ ఫోన్లోనూ అర్థం కాని గుర్తుల గుంపవుతాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్లో ఉన్నాయి గానీ, మార్చాక వత్తులు తారుమారై, గుణింతాలు విడిపోయి, ఇంగ్లిషు అంకెలు చెదిరిపోయి వస్తాయి. వాటిని కూర్చోబెట్టి సరిచేయాల్సింది మనిషే. ఇరవై ముప్పై ఏళ్ల తెలుగు పుస్తకాలు ఈ పాత ఫైళ్లలో ఇరుక్కుని ఉన్నాయి. వాటిని బయటికి తీయడం ఒక్కటే ఒక మనిషికి చాలా కాలం చేతినిండా పని.

టైపింగ్ ఇంకా రానివాళ్లు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకోండి. ‘లేఖిని’ లాంటి పరికరాల్లో ఇంగ్లిషు అక్షరాలు కొట్టి తెలుగు తెచ్చుకోవడం మొదట్లో తేలిక. రోజూ పది పేజీలు కొట్టాల్సిన వాడికి ఇన్‌స్క్రిప్టే చేయి నొప్పి పుట్టించదు. గూగుల్ డాక్స్‌లో తెలుగు మాటలు చెప్పి టైపు చేయించవచ్చు. అచ్చు పేజీని ఫొటో తీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి అక్షరాలుగా మార్చుకోవచ్చు. ఇలా వచ్చిన పాఠంలో ‘ప’ బదులు ‘వ’, ‘ధ’ బదులు ‘థ’ దూరి ఉంటాయి. యంత్రం పది నిమిషాల్లో ఇచ్చిన పేజీలను సరిచూడటానికి మీకు ఒక పూట పడుతుంది. అంచనా వేసేటప్పుడు ఆ పూటను లెక్కలో కలపండి.

కంటికి కనిపించని ఒక గుర్తు గురించీ చెప్పాలి. ‘సాఫ్ట్‌వేర్’ అనే మాటలో ‘ట్’ కింద ‘వ’ వత్తు పడకుండా ఆపేది జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు. అది లేకపోతే ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. అది ఎక్కడ పెట్టాలో, అనవసరంగా ఎక్కడ పడిందో తెలిసిన ప్రూఫ్‌రీడరు చేతికి వచ్చిన ఈ-పుస్తకం శుభ్రంగా ఉంటుంది.

ప్రూఫు చూడటమే పెద్ద విద్య

నన్నడిగితే, ఈ మొత్తం గొలుసులో ముందుగా నేర్చుకోవాల్సింది ప్రూఫు చూడటమే. డిజైన్ నేర్పేవాళ్లు దొరుకుతారు. శ్రద్ధగా ప్రూఫు చూసేవాళ్లు అన్ని ఊళ్లలోనూ అరుదు. అనంతపురం పిల్లలకు ఇందులో ఒక మేలు ఉంది. రాయలసీమ కథలో ‘వస్తాండాడు’ అని రచయిత రాస్తే, ఈ మాట వినని ప్రూఫ్‌రీడరు అది తప్పనుకుని ‘వస్తున్నాడు’ అని దిద్దేస్తాడు. కథ రంగు పోతుంది, రచయిత నొచ్చుకుంటాడు. సీమ నుడికారం చెవిలో పడి పెరిగిన మీకు పాత్ర మాట ఏదో, నిజమైన అచ్చుతప్పు ఏదో తేడా తెలుస్తుంది. అదే కథలో ఒకచోట ‘వస్తాండాడు’, ఇంకోచోట అదే మనిషి నోట ‘వస్తున్నాడు’ అని ఉంటే పట్టుకుని, ఏది ఉంచాలని రచయితనే అడగాలి. మీ అంతట మీరు దిద్దేయకూడదు.

ప్రతి పుస్తకానికీ ఒక మాటల పట్టిక రాసుకోండి. ‘అనంతపురం’ అనాలా ‘అనంతపురము’ అనాలా, ‘పోయినాడు’ ఉంచాలా ‘పోయాడు’ చేయాలా, సంఖ్యలు అంకెల్లోనా అక్షరాల్లోనా, ఇంగ్లిషు మాటల చివర పొల్లు ఉండాలా ఉకారం ఉండాలా అన్నవి మొదటి పది పేజీల్లోనే తేల్చుకుని రచయితకు చూపించండి. లిబ్రాఫీసులో గానీ వర్డ్‌లో గానీ మార్పులన్నీ కనిపించేలా ట్రాక్ ఛేంజెస్ పెట్టి దిద్దండి. ఏం మార్చారో కనబడితే రచయితకు నమ్మకం కలుగుతుంది. మాట మీద అనుమానం వస్తే ఆంధ్రభారతి వెబ్‌సైటులో అనేక నిఘంటువులు ఒకేచోట వెతుక్కోవచ్చు.

డబ్బు ఖర్చు లేకుండా ఈ విద్య సాధన చేసే చోటు తెలుగు వికీసోర్స్. కాపీరైటు తీరిన పాత పుస్తకాల స్కాన్లు ఒకవైపు, టైపు పాఠం మరోవైపు కనిపిస్తాయి. ఒకరు దిద్దితే పేజీ పసుపు రంగులోకి వస్తుంది, ఇంకొకరు సరిచూస్తే ఆకుపచ్చ అవుతుంది. మీరు దిద్దిన పేజీలన్నీ మీ పేరు మీద నమోదై ఉంటాయి. పని అడగడానికి వెళ్లినప్పుడు సర్టిఫికెట్టు కన్నా ఆ పేజీలు చూపించడం మేలు. పద్ధతిగా చదువుకుంటామంటే ఇగ్నోలో పుస్తక ప్రచురణ పీజీ డిప్లొమా ఉంది, నేషనల్ బుక్ ట్రస్టు కూడా ప్రచురణ రంగం మీద కోర్సు నడుపుతుంది.

పేజీ కట్టడం, అట్ట వేయడం

పేజీలు కట్టడానికి ఎక్కువమంది వాడేది ఇన్‌డిజైన్. అందులో తెలుగు యూనికోడ్ వాడేటప్పుడు వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోకపోతే వత్తులు విరిగిపోతాయి. కొత్తవాళ్లు గంటల తరబడి తల పట్టుకునేది దీని దగ్గరే. నెల నెలా చందా కట్టలేనివాళ్లకు స్క్రైబస్ ఉచితం. ఫాంట్ల విషయంలో మన తరం అదృష్టవంతులం. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, రామభద్ర, సురవరం, పెద్దన, ధూర్జటి, తిమ్మన, శ్రీకృష్ణదేవరాయ లాంటివి గూగుల్ ఫాంట్లలో ఉచితంగా దొరుకుతాయి. పుస్తకంలో వాడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. లోపలి పాఠానికి సాదా ఫాంటు పెట్టి, అలంకారమున్నవి శీర్షికలకు వాడండి.

డెమ్మీ సైజు, పదహారు పేజీల ఫారం, మ్యాప్‌లిథో కాగితం, పర్‌ఫెక్ట్ బైండింగ్ లాంటివి ప్రెస్సు మాటలు. ఒక రోజు దగ్గర్లోని ప్రెస్సులో నిలబడితే అవన్నీ తెలుస్తాయి. పేజీల సంఖ్య ఫారాలకు సరిపోకపోతే చివర ఖాళీ కాగితాలకు కూడా రచయిత డబ్బు కట్టాలి. పుస్తకం 163 పేజీలొస్తే, 160కి కుదించడమెలాగో చూసేవాడే మంచి పేజీ కూర్పరి. అట్ట చేసేవాళ్లు వెన్ను మందం కోసం కాగితం వివరాలు ప్రెస్సువాళ్లనే అడగాలి. అంచనాతో వేస్తే పుస్తకం పేరు ముందు అట్ట మీదికి జారుతుంది.

ఎక్కడ అమ్మాలో రచయితకు చెప్పగలగాలి

ఈ విషయంలో తెలుగు రచయితలకు తప్పుడు సలహాలు ఎక్కువ అందుతున్నాయి. ‘అమెజాన్ కిండిల్‌లో పెట్టేయండి సార్’ అనడం తేలిక. అమెజాన్ 2016 చివర్లో కిండిల్‌లోకి హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం భాషలను తెచ్చింది. ఆ అయిదింటిలో తెలుగు లేదు. అందుకే రచయిత దగ్గర డబ్బు తీసుకోకముందే కిండిల్ డైరెక్ట్ పబ్లిషింగ్‌వాళ్లు పెట్టిన భాషల జాబితా మీరే చూసుకోండి. ఇంగ్లిషులో రాసే అనంతపురం వాళ్లకు ఆ దారి బాగుంటుంది. తెలుగు ఈ-పుస్తకానికి గూగుల్ ప్లే బుక్స్ ఒక దారి. 2010లో మొదలైన కినిగె తెలుగు ఈ-పుస్తకాలను కొని చదివే అలవాటు నేర్పింది. ధారావాహికలు రాసేవాళ్లకు బెంగళూరులో 2014లో పుట్టిన ప్రతిలిపి ఉంది. ఈ-పుస్తకానికి ఈపబ్ ఫైలు చేయాలంటే సిగిల్, క్యాలిబర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు చాలు. ఒక పుస్తకం చేస్తే రెండోది సగం సమయంలో అవుతుంది.

అచ్చుకైతే, అడిగినప్పుడే ఒక్కో కాపీ వేసిచ్చే పద్ధతి బెంగళూరు పోతీ డాట్ కామ్ 2008 నుంచి నడుపుతోంది, చెన్నైలో నోషన్ ప్రెస్ ఉంది. ఒక్కో కాపీ ఖరీదు ఎక్కువ పడుతుంది, కానీ మంచం కింద కట్టలు మిగలవు. ఊళ్లో ఆవిష్కరణ సభ పెట్టి అయిదు వందలు పంచగలననుకునే రచయితకు మామూలు ఆఫ్‌సెట్ అచ్చే చవక. రెండు లెక్కలూ కాగితం మీద వేసి ఆయన ముందు పెట్టండి. నిర్ణయం ఆయనది.

ఐఎస్‌బీఎన్ కోసం డబ్బు అడిగేవాళ్లున్నారు. మన దేశంలో ఆ సంఖ్యను రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. 2016 నుంచి దరఖాస్తు ఆన్‌లైన్లోనే. రచయిత పేరు మీదే తీసివ్వండి. మీరు తీసుకునేది దరఖాస్తు నింపిన శ్రమకు మాత్రమే. కాపీరైటుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని, రాసినప్పుడే హక్కు పుడుతుందని కూడా చెప్పండి. 1954 నాటి చట్టం ప్రకారం ప్రతి పుస్తకం కాపీలు కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై కన్నెమరా, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకూ పంపాలి. రచయితలు ఎక్కువగా మరిచిపోయే పని ఇది. మీరు పంపిపెడితే ఇంకో యాభై ఏళ్లకైనా ఆ పుస్తకం ఎక్కడో ఒకచోట దొరుకుతుంది.

పుస్తకాలు చదివి వినిపించే గొంతులకూ గిరాకీ మొదలైంది. దాసుభాషితం లాంటి తెలుగు శ్రవణ పుస్తకాల యాప్‌లు విని చూడండి. దుప్పట్లు కట్టిన గదిలో, ఒక మాదిరి మైకుతో, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో మీ గొంతు పరీక్షించుకోవచ్చు.

సరిహద్దు మన ఆస్తి

మడకశిర, హిందూపురం, రాయదుర్గం, డి.హిరేహాళ్ వైపు పిల్లలకు కన్నడం బడిలో నేర్చుకోకుండానే వస్తుంది. దాన్ని చదువు కింద లెక్కేయకపోవడం నాకు బాధగా ఉంటుంది. కన్నడ సాహిత్యం తెలుగులోకి రావాల్సింది చాలా ఉంది, తెలుగుది అటు వెళ్లాల్సింది ఇంకా ఎక్కువ. పక్కనున్న ఆదోనిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన రంగనాథ రామచంద్రరావు శాంతినాథ దేశాయి కన్నడ నవలను ‘ఓం ణమో’గా తెలుగులోకి తెచ్చి సాహిత్య అకాడమీ అనువాద బహుమతి పొందారు. సరిహద్దుకు అవతల బళ్లారి జిల్లా సండూరులో పుట్టిన వసుధేంద్ర సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ కథలు రాశారు. ఛంద పుస్తక అనే సొంత సంస్థ పెట్టి తన పుస్తకాలతో పాటు కొత్త రచయితలవీ వేశారు. ‘సొంతంగా వేసుకున్న పుస్తకమా’ అని చిన్నచూపు చూసేవాళ్లకు ఆయన్ని చూపించండి.

అనువాదం మొదలుపెట్టేవాళ్లు కన్నడం చదవడం, రాయడం గట్టి చేసుకోవాలి. మాట్లాడటం ఒక్కటే చాలదు. ఒక కథ అనువదించే ముందు రచయిత దగ్గరో, వారసుల దగ్గరో రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. రచయిత మరణించాక అరవై ఏళ్ల వరకు హక్కు వారసులదే. విద్వాన్ విశ్వం 1987లో కన్నుమూశారు కనుక ఆయన కావ్యం ‘పెన్నేటి పాట’ను 2047 చివరిదాకా అనుమతి లేకుండా ఎవరూ వేయకూడదు. కట్టమంచి రామలింగారెడ్డి 1951లో పోయారు. బుక్కరాయసముద్రం చెరువు కథతో ఆయన రాసిన ‘ముసలమ్మ మరణము’ మీద హక్కు 2011తో తీరింది. మీ పనితనానికి నమూనాగా ఆ కావ్యాన్నే తీసుకోండి. టైపు చేసి, దిద్ది, మంచి ఫాంటులో కూర్చి, అట్ట వేసి, ఈపబ్ కట్టండి. మన జిల్లా కథ, పైగా ఎవరి అనుమతీ అక్కర్లేదు.

డబ్బు సంగతి

రేటు ఎంత అడగాలని అందరూ అడుగుతారు. ఎవరో చెప్పిన రేటు పట్టుకోకుండా మీ వేగం కొలుచుకోండి. ఉదాహరణకు 160 పేజీల పుస్తకం, అంటే పది ఫారాలు. మొదటి ప్రూఫు గంటకు 8 పేజీల చొప్పున 20 గంటలు, రెండో ప్రూఫు 10 గంటలు పడతాయనుకుందాం. గంటకు 150 రూపాయలైనా రావాలనుకుంటే 4,500 అవుతుంది, పేజీకి సుమారు 28 రూపాయలు. ఇదే పని ఆన్‌లైన్లో పనులు ఇప్పించే ఫైవర్ లాంటి చోట చేస్తే వాళ్లు 20 శాతం తీసుకుంటారు. చేతికి 4,500 రావాలంటే 5,625 చెప్పాలి. అలా లెక్క చూపించి అడిగితే రచయిత బేరమాడినా మీరు తడబడరు.

మొదటి పనులు ఫైవర్లోనో అప్‌వర్క్‌లోనో దొరుకుతాయనుకోవద్దు. అక్కడ తెలుగు పుస్తకాల కోసం వెతికేవాళ్లు తక్కువ. అనువాదం, ఇంగ్లిషు పుస్తకాల పేజీ కూర్పు, అట్టలు చేయగలవాళ్లకు అవి పనికొస్తాయి. మీ మొదటి రచయిత మీ జిల్లాలోనే ఉన్నాడు. సాహిత్య సభల్లో వెనక వరసలో కూర్చుంటాడు. శతకం రాసిన పెద్దాయన, ఊరి చరిత్ర సేకరించిన టీచరు, స్థలపురాణం వేయించాలనుకునే ఆలయ కమిటీ, ఎస్కే యూనివర్సిటీలో సిద్ధాంత గ్రంథం సమర్పించబోయే పరిశోధకులు, వీళ్లందరికీ ఈ పని కావాలి. తర్వాత అమెరికా తెలుగువాళ్లు. తల్లిదండ్రుల జ్ఞాపకాలను పుస్తకంగా చేయించాలనుకునేవాళ్లు అక్కడ కనిపిస్తారు. దూరం నుంచి పని చేయించుకోవడం వాళ్లకు అలవాటే. విదేశీ డబ్బుకు పాన్ కార్డు, బ్యాంకు ఇచ్చే రసీదులు భద్రం చేసుకోండి. ఏడాదికి రాబడి 20 లక్షలు దాటేదాకా సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ గొడవ సాధారణంగా ఉండదు.

ఒక మోసం గురించి గట్టిగా చెప్పాలి. ‘పుస్తకం పేజీలు టైపు చేస్తే నెలకు ముప్పై వేలు, ముందు రెండు వేలు డిపాజిట్ కట్టండి’ అనే ప్రకటనకు ఒక్క రూపాయి కట్టకండి. పని ఇచ్చేవాడు మీకు డబ్బివ్వాలి గానీ మీ దగ్గర తీసుకోడు. కట్టి మోసపోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. రచయితల వైపు కూడా ఇలాంటి వలలున్నాయి. వేలకు వేలు ప్యాకేజీ తీసుకుని, ప్రచారం చేస్తామని చెప్పి, పాతిక కాపీలు చేతిలో పెట్టేవాళ్లున్నారు. ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు రచయిత మీకు చూపిస్తే, హక్కులు ఎవరి పేరున ఉన్నాయి, ఫైళ్లు ఎవరికి దక్కుతాయి, అమ్మకాల లెక్క ఎన్నాళ్లకోసారి ఇస్తారు అన్న మూడు ప్రశ్నలు అడిగించండి.

మీ సొంత ఒప్పందం ఒక పేజీ చాలు. ఎన్ని పేజీలు, ఎన్ని ప్రూఫులు, ఎప్పటికి, ఎంత, అందులో అడ్వాన్సు ఎంత అన్నవి తెలుగులో రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. మూడో ప్రూఫు తర్వాత రచయిత కొత్తగా రెండు కథలు చేరుస్తానంటే దానికి వేరే రేటని అందులోనే ఉండాలి, ఎందుకంటే తప్పకుండా చేరుస్తానంటారు. అచ్చుకు పంపే పీడీఎఫ్‌తో పాటు దిద్దిన యూనికోడ్ పాఠాన్ని, అసలు ఫైళ్లను కూడా రచయితకు ఇచ్చేయండి. పుస్తకం మొదటి పేజీల్లో ప్రెస్సు పేరు పక్కన అక్షరాల కూర్పు ఎవరిది, ప్రూఫులు ఎవరు చూశారు, అట్ట ఎవరు వేశారు అన్న వివరాలు, మీ ఊరి పేరుతో సహా వేయమని అడ్వాన్సు తీసుకునే రోజే అడగండి. రెండో రచయిత మీ కోసం వెతికేటప్పుడు మొదట తిప్పి చూసే పేజీ అదే.